నీటికి వెల కట్టే ముందు లెక్క కట్టాలి

నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. నేటి భారతీయ నగరాలను చూసినవారు ఆ సామెతను కొంత సవరించుకోవలసి వస్తుంది. ఇక్కడ నీరు పలుకుబడిని ఎరుగుతుంది. గుట్ట మీద వెలసిన సంపన్నుల కాలనీకి మోటార్ల బలంతో ఎక్కి వెళ్ళే నీరు, అదే గుట్ట పాదాన ఉన్న బస్తీకి దిగి రావడానికి మాత్రం ఎన్నో ఆటంకాలు చెబుతుంది. ఏటా ఎండలు ముదరగానే దేశంలో ఒక చర్చ మొదలవుతుంది. ఇంటింటి నీటికి రుసుము వసూలు చేయాలా, ఉచితంగా ఇవ్వాలా? ప్రజలు నీటిని దుబారా చేస్తున్నారా, లేదా? తొలి వానలు పడేదాకా ఈ చర్చ సాగుతుంది. వానలు పడగానే ఆగిపోతుంది. మళ్ళీ మరుసటి మార్చిలో, నిరుడు ఎక్కడ మొదలైందో అక్కడే మొదలవుతుంది.

ఈ చర్చలో రాజకీయ పక్షాలకు స్థిరమైన సిద్ధాంతం ఏదైనా ఉందా అని వెతికితే నిరాశే మిగులుతుంది. ఢిల్లీలో 2013 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఆమ్ ఆద్మీ పార్టీ, మీటరున్న ప్రతి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీటిని ఉచితంగా ఇస్తామని ప్రకటించి కొద్ది రోజులలోనే అమలు ప్రారంభించింది. 2015లో భారీ ఆధిక్యంతో తిరిగి వచ్చాక దానిని శాశ్వత విధానంగా మార్చుకుంది. 2020 నవంబరులో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల వేళ నాటి తెలంగాణ రాష్ట్ర సమితి అదే 20 వేల లీటర్ల వాగ్దానాన్ని చేసి, 2021 జనవరిలో అమలులోకి తెచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం, శాసనసభ ఎన్నికల సంవత్సరమైన 2022లో, గ్రామీణ కుటుంబాలకు నీటి బిల్లులను రద్దు చేసింది. తరువాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో, పేదలకు, వితంతువులకు మినహాయింపునిచ్చి, మిగిలిన గ్రామీణ కనెక్షన్లకు నెలకు 100 రూపాయలు తిరిగి విధించింది. 2025 ఏప్రిల్‌లో బెంగళూరులో కాంగ్రెస్ ప్రభుత్వ హయాంలోనే, 2014 తరువాత తొలిసారిగా, నీటి ఛార్జీలు పెరిగాయి. అక్కడ భాజపా వీధికెక్కింది.

అంటే ఒక పార్టీ ఒక రాష్ట్రంలో ఇచ్చినదానిని మరొక రాష్ట్రంలో తప్పు పడుతున్నది. ఉచితాలను ‘రేవడీ సంస్కృతి’ అని 2022లో ప్రధానమంత్రి విమర్శించారు. ఆయన పార్టీయే 2025 ఢిల్లీ ఎన్నికలలో ఉన్న సంక్షేమ పథకాలేవీ ఆగవని హామీ ఇచ్చింది. ఇందులో కపటం వెతకడం సులభం. అయితే కపటం కన్న లోతైన విషయం ఒకటి ఉంది. నీటి బిల్లు విషయంలో ఓటరు మనసు ఏమిటో అన్ని పార్టీలకూ తెలుసు. నీటి వ్యవస్థ ఎందుకు పనిచేయడం లేదో చెప్పే ధైర్యం మాత్రం ఏ పార్టీకీ లేదు. కనుక బిల్లు గురించి వాదించుకోవడం, గొట్టం గురించి మౌనం వహించడం అందరికీ అనుకూలమైన ఒప్పందంగా మారింది.

ఉచిత నీటిని తప్పుపట్టేవారు మొదట గుర్తించవలసిన సంగతి ఒకటుంది. దాహం తీర్చడానికి డబ్బు పుచ్చుకోవడం ఈ నేల సంస్కారానికి ఎన్నడూ రుచించలేదు. వేసవి వస్తే తెలుగు ఊళ్ళలో చలివేంద్రం వెలుస్తుంది. కుండ పక్కన కూర్చున్న మనిషి వచ్చినవారి కులగోత్రాలు గానీ, జేబులోని పైసలు గానీ అడగకుండా నీళ్ళు పోయాలన్నది దాని ధర్మం. రాజ్యాంగం కూడా ఆ ధర్మానికి దూరంగా లేదు. కాలుష్యం లేని నీటిని పొందడం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. నీటిని మానవ హక్కుగా గుర్తిస్తూ 2010 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది. కాబట్టి బ్రతకడానికి, శుభ్రంగా ఉండడానికి కావలసిన కనీస నీటిని ప్రభుత్వం వెల లేకుండా ఇవ్వడాన్ని దానమనీ, లంచమనీ ఈసడించడం సరికాదు.

అయితే చలివేంద్రంలో నీళ్ళు ఉచితమే గానీ, కుండ దానంతటది నిండదు. పొద్దున్నే ఎవరో బావి నుంచి తోడి తెచ్చి నింపాలి. నేటి నగరాల బావి ఎంత దూరాన ఉందో చూస్తే ఆ నింపడం ఎంత భారమో తెలుస్తుంది. బెంగళూరుకు కావేరి సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కి వస్తున్నది. హైదరాబాదుకు కృష్ణా జలాలు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి జలాలు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు మించి ప్రయాణం చేసి వస్తున్నాయి. ఒకప్పుడు ఆ నగరం దాహం తీర్చడానికి మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు నగరానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. నగరం పెరిగిన కొద్దీ నది దూరమైంది, విద్యుత్తు బిల్లు పెరిగింది. ఆ బిల్లును ఎవరో ఒకరు చెల్లించక తప్పదు. వాడినవారు చెల్లించకపోతే పన్ను కట్టేవారందరూ చెల్లిస్తారు. వారూ చెల్లించకపోతే మరమ్మతు ఆగిపోతుంది, గొట్టం కారుతుంది, చివరి వీధికి నీరందదు. ఉచితానికి అసలు మూల్యం ఆ చివరి వీధివారు చెల్లిస్తారు.

ఆ మూల్యం ఎంతో 2024 వేసవిలో బెంగళూరు బహిరంగంగా చూపించింది. నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోరుబావులలో సగం వరకు ఎండిపోయాయి. కావేరి గొట్టాలు చేరని శివార్లు ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి. ట్యాంకరు యజమానులు అడిగినంత ఇవ్వవలసి రావడంతో జిల్లా యంత్రాంగం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఐదు కిలోమీటర్ల లోపు 6 వేల లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలు. అంటే వెయ్యి లీటర్లకు 100 రూపాయలు. అదే సమయంలో కావేరి కనెక్షన్ ఉన్న ఇంటికి మొదటి 8 వేల లీటర్ల వరకు వెయ్యి లీటర్ల ధర 7 రూపాయలు. నగరం ఒక్కటే, వేసవి ఒక్కటే. గొట్టం ఉన్నవారికి 7, లేనివారికి 100. పైగా ఆ 100 రూపాయలు ప్రభుత్వం అదుపు చేసిన తరువాతి ధర. ఛార్జీ పెంచరాదని వీధికెక్కినవారు, పెంచక తప్పదని సమర్థించినవారు, ఇద్దరూ 7 రూపాయల గురించే మాట్లాడారు. 100 రూపాయలు కట్టేవారి పక్షాన మాట్లాడిన గొంతులు చాలా తక్కువ. గొట్టం చేరని కుటుంబానికి ఛార్జీల తగ్గింపు వల్ల ఒక్క పైసా లాభం లేదు. రాయితీ గొట్టం వెంట ప్రవహిస్తుంది. గొట్టం ఎక్కడ ఆగితే రాయితీ కూడా అక్కడే ఆగుతుంది.

ఇక 20 వేల లీటర్ల లెక్కను పరిశీలిద్దాం. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ ప్రమాణం. ఐదుగురున్న ఇంటికి అది నెలకు సుమారు 20 వేల లీటర్లు అవుతుంది. కాబట్టి ఆ అంకె గాలిలో నుంచి ఊడిపడింది కాదు. చిక్కు అంతా దానిని మనిషికి గాక కనెక్షన్‌కు ముడివేయడంలో ఉంది. ఇద్దరే ఉన్న ఇంటికి ఆ కోటా తలకు రోజుకు 333 లీటర్ల వంతున వస్తుంది. ఒకే కనెక్షన్ మీద మూడు వాటాలలో పదిహేను మంది అద్దెకుంటే తలకు 44 లీటర్లు వస్తుంది. ఢిల్లీలో అనుసరించిన పద్ధతి ప్రకారం 20 వేల లీటర్లు దాటితే దాటిన మేరకు మాత్రమే కాక మొత్తానికీ బిల్లు పడుతుంది. ఇద్దరున్న ఇంట్లో కారు కడిగినా బిల్లు సున్నా. పదిహేను మంది ఇరుకు ఇంట్లో పొదుపుగా బట్టలు ఉతుక్కున్నా బిల్లు పూర్తి. సమానత్వం పేరుతో పెట్టిన గీత ఒక్కొక్కసారి అసమానతకు హద్దురాయిగా మారుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. పైగా మీటరు ఉంటేనే పథకమన్న షరతు సూత్రరీత్యా సమంజసమే అయినా, అసలు కనెక్షనే లేని అనధికార కాలనీల వారికి అది తెరవని తలుపు. హైదరాబాదులో బస్తీలకు మీటరు షరతు సడలించడం, తెలంగాణ పట్టణాలలో పేద కుటుంబాలకు ఒక్క రూపాయికే నల్లా ఇవ్వడం ఈ దృష్టితో చూస్తే ఉచిత నీటి వాగ్దానం కన్న మిన్న అయిన నిర్ణయాలు. వాటికి ఎన్నికల సభలలో చప్పట్లు మాత్రం తక్కువ.

రుసుము చర్చకు తోడబుట్టినది దుబారా చర్చ. ఇందులో దోషి ఎవరో ముందే తేల్చుకుని విచారణ ప్రారంభించడం ఆనవాయితీ. 2020 అక్టోబరులో కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ తాగునీటి దుబారాను పర్యావరణ పరిరక్షణ చట్టం కిందికి తెచ్చింది. నాటి చట్టం ప్రకారం ఆ ఉల్లంఘనకు ఐదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి కావేరి నీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా 5 వేల రూపాయల జరిమానా అన్నది. అదే ఏడాది మే నెలాఖరున ఢిల్లీ ప్రభుత్వం గొట్టంతో కార్లు కడిగేవారికి, ట్యాంకు పొంగించేవారికి 2 వేల రూపాయల జరిమానా వేయడానికి 200 బృందాలను నియమించింది. తాగునీటితో కారు కడగడం తప్పే. ఆ తప్పును సమర్థించవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే ఢిల్లీ ప్రభుత్వపు సొంత ఆర్థిక సర్వేలే చెబుతున్న ప్రకారం, అక్కడ శుద్ధి చేసిన నీటిలో సగానికి పైగా లెక్కకు రాకుండా పోతున్నది. గొట్టాల లీకులు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు, బిల్లు వేయని సరఫరా, ఇవన్నీ కలిసి ఆ నష్టం. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు ట్యాంకరు మాఫియాపై ఏం చర్య తీసుకున్నారని ఢిల్లీ ప్రభుత్వాన్ని నిలదీసింది. వీధిలో కారు కడిగే మనిషికి 2 వేలు. నేల కింద సగం నీటిని పోగొట్టే వ్యవస్థకు ఎంత జరిమానా? దానిని వేసే బృందం ఏది?

వినియోగదారుని దుబారాలో కూడా చాలా భాగం సరఫరా లోపం నుంచి పుట్టినదే. రెండు రోజులకొకసారి, గంటో రెండు గంటలో, అర్ధరాత్రో తెల్లవారుజామునో నీళ్ళు వదిలితే ఏ ఇల్లాలైనా చేసేది ఒక్కటే. ఉన్న ప్రతి బిందె, బకెట్టు, డ్రమ్ము, సంపు నింపుకుంటుంది. మళ్ళీ నీళ్ళు వచ్చిన రోజున నిలవ నీటిని పారబోసి కొత్తవి పట్టుకుంటుంది. నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియదు గనుక కుళాయి తిప్పి ఉంచుతుంది. సన్నగా వచ్చే ధారను నమ్మలేని పొరుగు ఇంటాయన నల్లాకు నేరుగా మోటారు బిగిస్తాడు. ఆ మోటారు పీల్చడం వల్ల పక్క ఇంటికి ధార ఆగిపోతుంది. గొట్టం ఖాళీగా ఉన్న గంటలలో పగుళ్ళ గుండా మురుగు లోపలికి చేరుతుంది. ఆ మురుగు భయంతో మధ్యతరగతి కుటుంబం ఆర్‌ఓ యంత్రం కొంటుంది. సాధారణమైన గృహ ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు తాగునీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లను బయటికి వదిలేస్తుంది. లవణాలు తక్కువగా ఉన్న నీటికి ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ట్రిబ్యునల్ తర్కం సరైనదే. కానీ కుళాయి నీటి మీద నమ్మకాన్ని ఆదేశంతో పుట్టించలేరు. ప్రభుత్వం మీద అపనమ్మకం ప్రతి వంటింట్లో లీటరుకు మూడు లీటర్ల వంతున మోరీలో కలుస్తున్నది.

దుబారా చర్చలో కంటికి కనిపించేదే పెద్దదిగా తోస్తుంది. 2016లో మరాఠ్వాడా కరవులో ఉండగా, లాతూరులో నీటి ట్యాంకుల వద్ద ఘర్షణలు జరగకుండా 144వ సెక్షన్ విధించారు. మీరజ్ నుంచి రైలులో నీరు తరలించారు. ఆ ఏడాదే ఐపీఎల్ మైదానాలకు నీరు పోయడంపై బొంబాయి హైకోర్టు ఆగ్రహించి, ఏప్రిల్ 30 తరువాతి మ్యాచ్‌లను మహారాష్ట్ర నుంచి తరలించాలని ఆదేశించింది. కొన్ని మ్యాచ్‌లు విశాఖపట్నానికి వచ్చాయి. న్యాయస్థానపు వేదన నిజమైనదే. అయితే మైదానపు పచ్చిక తాగే నీరు, ఆ రాష్ట్రంలో చెరకు తాగే నీటి ముందు సముద్రంలో కాకిరెట్టంత. సాగు విస్తీర్ణంలో చిన్న భాగమే అయిన చెరకు సాగునీటిలో సగానికి మించి తీసుకుంటున్నది. చక్కెర మిల్లుల వెనుక ఉన్న రాజకీయ కుటుంబాల పేర్లు ఆ రాష్ట్రంలో అందరికీ తెలిసినవే. క్రికెట్‌ను తరలించడం సాధ్యమైంది. చెరకును కదిలించడం ఏ పార్టీకీ సాధ్యం కాలేదు.

దేశంలో వాడే నీటిలో సుమారు నాలుగైదు వంతులు సేద్యానికే పోతున్నప్పుడు, ఇంటి బకెట్టు మీద ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే గానీ, దాని జవాబు నగరాలను నిర్దోషులను చేయదు. సేద్యపు నీరు ఎక్కువ భాగం శుద్ధి లేకుండా కాలువల్లో, బోర్లలో వచ్చేది. నగరపు నీరు దూరం నుంచి ఎత్తిపోసి, శుద్ధి చేసి, గొట్టాల ద్వారా చేర్చేది. అందులో పోయే ప్రతి లీటరుతో పాటు విద్యుత్తు, రసాయనాలు, ప్రజాధనం కూడా పోతాయి. అంతేకాక నగరం వాడుకుని వదిలిన మురుగు ఏదో ఒక పల్లె చెరువులోకి చేరుతుంది. కాబట్టి రైతును చూపి నగరం, నగరాన్ని చూపి రైతు తప్పించుకునే వీలు లేదు. ఇద్దరికీ కావలసినది ఒక్కటే, కొలత. ఎంత తీసుకుంటున్నారు, ఎంత వాడుతున్నారు, ఎంత పోతున్నది అన్న మూడు అంకెలు లేనిచోట పొదుపు గురించి చేసే ప్రసంగాలన్నీ గాలి మూటలే.

కొలత అనగానే మీటరు, మీటరు అనగానే ప్రైవేటీకరణ అన్న భయం వామపక్షాలలో, పౌర సంఘాలలో ఉంది. ఆ భయం నిష్కారణమైనది కాదు. మీటరు పెట్టి, ఛార్జీ పెంచి, నీరు మాత్రం మునుపటిలాగే ఇచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. అయితే కొలత లేనిచోట నీరు ప్రజల చేతిలో ఉంటుందనుకోవడం భ్రమ. అది చీకటి వ్యాపారి చేతిలోకి పోతుంది. ఇందుకు కరాచీని మించిన పాఠం దక్షిణాసియాలో లేదు. నగరపు ప్రధాన గొట్టాలకు దొంగ హైడ్రంట్లు బిగించి, ఆ నీటినే ట్యాంకర్లలో ఆ నగర ప్రజలకే అమ్మే వ్యాపారం అక్కడ దశాబ్దాలుగా వర్ధిల్లింది. ఒరాంగీ పైలట్ ప్రాజెక్టుకు నేతృత్వం వహించిన పర్వీన్ రెహ్మాన్ ఆ దొంగ హైడ్రంట్లను పటాలతో సహా నమోదు చేశారు. 2013 మార్చి 13న కరాచీలో ఆమెను కాల్చి చంపారు. నీటి లెక్క తీయడం కాగితాల పని అనుకునేవారు ఆ పేరును గుర్తుంచుకోవాలి. లెక్క బయటపడితే నష్టపోయేవారు ఎంత బలవంతులో ఆ మరణం చెబుతుంది.

బలవంతులను ఎదుర్కొని గెలిచిన నగరాలు కూడా ఉన్నాయి. కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993 నాటికి సరఫరా చేసిన నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. ఎక్ సోన్ చాన్ నాయకత్వంలో అక్కడి జలసంస్థ మొదట తన సొంత సిబ్బంది అవినీతిని అరికట్టింది. తరువాత ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టింది. ఒక సైనికాధికారి ఇంటికి మీటరు బిగించబోతే ఆయన తుపాకీ గురిపెట్టిన ఉదంతం ప్రసిద్ధం. ఎక్ సోన్ చాన్ వెనుకంజ వేయలేదు. ఆ నష్టం తరువాతి దశాబ్దంన్నరలో 6 శాతం దరిదాపులకు తగ్గింది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇక్కడ గమనించవలసినది క్రమం. సంస్థ మొదట తనను సరిచేసుకుంది, పిదప పెద్దల చేత బిల్లు కట్టించింది, ఆ మీదట సామాన్యుని వద్దకు వెళ్ళింది. పేదల ఇళ్ళకు రాయితీతో కనెక్షన్లు ఇచ్చింది. ట్యాంకరు వద్ద కొన్న నీటి కన్న ఆ బిల్లు తక్కువ గనుక పేదలు కట్టడానికి వెనుకాడలేదు.

అంత దూరం పోనక్కరలేకుండా ఒడిశాలోని పూరీ కూడా ఉంది. 2021 జూలైలో ఆ నగరం కుళాయి నుంచి నేరుగా తాగదగిన నీటిని 24 గంటలూ అందించే తొలి భారతీయ నగరంగా ప్రకటితమైంది. స్వయం సహాయక సంఘాల మహిళలను ‘జలసాథీ’లుగా నియమించి, మీటరు చదవడం, బిల్లు వసూలు, నీటి పరీక్ష వారికి అప్పగించారు. వీధిలోని మనిషే మీటరు చదువుతున్నప్పుడు, వీధిలోని ఫిర్యాదు కూడా ఆమె చెవికే చేరుతుంది. నీళ్ళు ఎప్పుడూ వస్తాయన్న నమ్మకం కుదిరినచోట బిందెలు నింపి పారబోయవలసిన పని ఉండదు. కోట్ల రూపాయల ప్రకటనలు సాధించలేని పొదుపును నిరంతర సరఫరా సాధించగలదు.

కాబట్టి ఉచితమా, రుసుమా అన్న ప్రశ్నే తప్పుగా వేసిన ప్రశ్న. రెండూ ఉండాలి, ఒక క్రమంలో ఉండాలి. కనీస అవసరానికి తగిన నీరు ప్రతి మనిషికీ ఉచితం కావచ్చు. ఆ లెక్క కనెక్షన్‌కు గాక కుటుంబంలోని తలలకు కట్టాలి. పరిమితి దాటితే దాటినంత వరకే బిల్లు పడాలి. దాని పైన శ్రేణులవారీగా ధర పెరగాలి. ఈత కొలనులకు, పచ్చిక బయళ్ళకు అసలు ఖర్చుకు తగ్గని ధర పెట్టడంలో అన్యాయం లేదు. అపార్ట్‌మెంట్లు బోర్ల ద్వారా లెక్క లేకుండా తోడే భూగర్భజలాన్ని కూడా ఈ కొలతలోకి తేవాలి. లేకుంటే నల్లా మీటరు నుంచి తప్పించుకున్న దుబారా బోరు మోటారులో తలదాచుకుంటుంది.

అయితే వీటన్నింటికీ ముందు ప్రభుత్వం చేయవలసిన పని ఒకటి ఉంది. 2021 అక్టోబరులో ప్రారంభించిన అమృత్ రెండవ దశ, లెక్కకు రాని నీటిని 20 శాతం లోపుకు తేవాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం దస్త్రాలలో ఉంటే చాలదు. ప్రతి రిజర్వాయరు వద్ద, ప్రతి వార్డు ముఖద్వారం వద్ద పెద్ద మీటర్లు పెట్టి, వచ్చిన నీరెంత, బిల్లు పడిన నీరెంత అన్న అంకెలను నెలనెలా ప్రజల ముందు ఉంచాలి. సొంత నష్టం తగ్గించి చూపని జలమండలికి ఛార్జీ పెంచే నైతిక అధికారం లేదు. నీటి బిల్లుల బకాయిదారులలో ప్రభుత్వ శాఖలే ముందుండే దుస్థితి కొనసాగినంత కాలం బస్తీ మనిషికి నోటీసు పంపే హక్కు ఏ అధికారికీ లేదు. 2018 మే నెలలో సిమ్లా గొంతెండినప్పుడు, ముఖ్యమంత్రికి, గవర్నరుకు తప్ప మరే ప్రముఖునికీ ప్రత్యేక ట్యాంకరు పంపరాదని హిమాచల్ హైకోర్టు ఆదేశించింది. న్యాయమూర్తులు ఆ మినహాయింపు తమకు కూడా పెట్టుకోలేదు. నీటి విషయంలో ప్రజలు త్యాగానికి సిద్ధపడాలంటే ముందు చూడగోరేది అటువంటి ఆదేశాలనే.

ఇదంతా కష్టమైన రాజకీయం. ఉచితమని ప్రకటించడానికి ఒక సభ చాలు, ఛార్జీ పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు. నేల కింద కనిపించని గొట్టాలను మార్చడానికి మాత్రం పదేళ్ళు పడుతుంది. శంకుస్థాపన చేసిన నాయకుడు ప్రారంభోత్సవం నాటికి పదవిలో ఉండకపోవచ్చు. మార్చిన గొట్టానికి శిలాఫలకం ఉండదు, కారని నీటికి ఫొటో ఉండదు. అందుకే ఐదేళ్ళకొకసారి ఓటడిగే వ్యవస్థ ఆ పనిని వాయిదా వేస్తూ వచ్చింది. వాయిదా పడిన ప్రతి ఏడూ నది మరింత దూరమవుతున్నది, బోరు మరింత లోతవుతున్నది, ట్యాంకరు ధర మరింత పెరుగుతున్నది.

వచ్చే ఎన్నికలలో ఏదో ఒక పార్టీ 20 వేల లీటర్లు 25 వేలు చేస్తామంటుంది. మరొక పార్టీ ఖజానా ఏమైపోవాలని ప్రశ్నిస్తుంది. ఓటరు ఆ ఇద్దరినీ అడగవలసిన ప్రశ్న చాలా చిన్నది. మన వార్డుకు బయలుదేరిన నీటిలో మన వార్డుకు చేరినది ఎంత? దానికి అంకెతో జవాబు చెప్పగలిగినవారికే ఉచితం గురించి గానీ, రుసుము గురించి గానీ మాట్లాడే అర్హత ఉంటుంది. చెప్పలేనివారు ఇచ్చే నీరూ, వేసే బిల్లూ రెండూ నమ్మదగినవి కావు.